బిడియయ్య: తుక్కు సామానుతో చేసిన ఒక రోబో కథ, కొలతలతో సహా

నలుగురు మిత్రులం ఎనిమిది ఆదివారాలు కూర్చుని, పారేసిన సామానుతో ఒక రోబో బొమ్మను తయారుచేశాం. ఎత్తు 94 సెంటీమీటర్లు, బరువు 14 కిలోలు. ఎదుట మనిషి కదిలితే రెండు చేతులతో ముఖం దాచుకుని తల పక్కకు తిప్పుకుంటుంది. కాసేపు అలికిడి లేకపోతే మెల్లగా తలెత్తి ఓరగా చూస్తుంది. దానికి బిడియయ్య అని పేరు పెట్టాం. మొదట అనుకున్నది మాత్రం ఇందుకు పూర్తిగా ఎదురు. నిటారుగా నిలబడి, వచ్చినవాళ్లకు సలాము కొట్టే కావలివాణ్ణి చేద్దామని బొమ్మ గీసుకుని పని మొదలుపెట్టాం. ఆ కావలివాడు బిడియస్తుడిగా ఎలా మారాడు, ఆ మార్పులో మా తెలివి ఎంత, సామాను మొండితనం ఎంత అన్నది ఉన్నదున్నట్టు నమోదు చేయడానికే ఇది రాస్తున్నాను.

నేను ఎలక్ట్రానిక్ వస్తువులు మరమ్మతు చేస్తాను. మిగతా ముగ్గురిలో ఒకడు బైకు మెకానిక్, ఒకామె దర్జీ, మరొకడు డ్రాయింగు మాస్టారు. బొమ్మ ఎలా కనబడాలో మాస్టారు, ఎలా నిలబడాలో మెకానిక్, ఎలా కదలాలో నేను తేల్చాలని మొదటిరోజే పంచుకున్నాం. దర్జీకి దుస్తుల పని ఇద్దామనుకున్నాం గాని, రోబోకు దుస్తులు వద్దని ఆమే కొట్టిపారేసింది. చివరికి మేము ముగ్గురం సరిగా చూడని మెడ, తీగలు, కీళ్లు ఆమె వంతుకు వచ్చాయి. బొమ్మ ఆయువుపట్టు అక్కడే ఉందని తర్వాత తెలిసింది.

రోబో అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం ద్వారా లోకానికి తెలిసింది. ఆ మాటను సూచించినవాడు ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో ‘రొబొత’ అంటే అచ్చంగా మన వెట్టిచాకిరీయే. చాకిరీ ముగిసి మూల పడేసిన సామానుతో చేసే బొమ్మకు ఇంతకన్నా తగిన పేరు దొరకదని మాస్టారు మురిసిపోయాడు. పారేసిన యంత్రాలను కళగా మార్చడమూ కొత్తేమీ కాదు. 1960 మార్చి 17న న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం తోటలో జాన్ టాంగ్లీ అనే స్విస్ శిల్పి, బిల్లీ క్లూవర్ అనే ఇంజనీరు తదితరుల సాయంతో, సైకిలు చక్రాలు, మోటార్లు, పాత పియానో కలిపి ఒక భారీ యంత్రాన్ని నిలబెట్టాడు. అది తనను తాను ధ్వంసం చేసుకోవడానికే పుట్టింది. అరగంటలోపే మంటలు లేచి, అగ్నిమాపక సిబ్బంది ఆపవలసి వచ్చింది. మా బొమ్మ విషయంలో అంత దూరం పోకూడదన్నది మెకానిక్ పెట్టిన మొదటి షరతు.

ఏది తీసుకున్నాం, ఏది వద్దన్నాం

కొత్తగా కొనేవి మూడే ఉండాలని నియమం పెట్టుకున్నాం: రాసిన ప్రోగ్రాము ప్రకారం మోటార్లను నడిపించే ఆర్డుయినో బోర్డు ఒకటి, కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సరు ఒకటి, తీగలు. తక్కినదంతా తుక్కులోనే దొరకాలి. పాత టేబులు ఫ్యాను కింది బరువైన దిమ్మె పాదమైంది. రేకు పెట్టె మొండెమైంది. సొట్టపడిన అల్యూమినియం కెటిల్ తల. విరిగిన గొడుగు కమ్ములు చేతులు. కారు అద్దం తుడిచే వైపరు మోటారు భుజంలోకి, కూలిన బొమ్మ విమానంలోని రెండు 9 గ్రాముల సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే ఆగే చిన్న మోటార్లు) మెడలోకి వెళ్లాయి. ఇంక్‌జెట్ ప్రింటరులో కార్ట్రిడ్జి జారే స్టీలు కడ్డీ ఇరుసుగా పనికొచ్చింది. తుక్కులో దొరికే వాటిలో ఇంత నునుపుగా, ఇంత నిటారుగా ఉండే కడ్డీ మరొకటి నేను చూడలేదు. ప్రింటరును ఎవరు పారేస్తున్నా ముందు అదొక్కటి ఊడదీసి దాచుకోవడం నాకు అలవాటు.

వద్దని పక్కన పెట్టినవాటి సంగతి మరింత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో దెబ్బ తగిలేది అక్కడే. మైక్రోవేవ్ ఓవెన్‌ను అసలు విప్పనివ్వలేదు. ప్లగ్గు పీకేసినా, కరెంటును నిల్వ ఉంచే దాని కెపాసిటరులో ప్రాణం తీయగల హై వోల్టేజి మిగిలి ఉండవచ్చు. ఫ్లాష్ ఉన్న పాత రీలు కెమెరాలోని చిన్న కెపాసిటరు కూడా 300 వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది. చేయి విదిలించుకునేంత షాకు కొడుతుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీలను ముట్టుకోలేదు. ట్యూబులైట్లు పగిలితే పాదరసం బయటపడుతుంది కాబట్టి అవీ వద్దన్నాం. మెకానిక్ ఒక జింకు పూత రేకు తెచ్చి వెల్డింగు పెడతానంటే ఆపాను, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. పీవీసీ గొట్టాన్ని మంట మీద వంచుదామన్న మాస్టారి ఆలోచనకూ అదే గతి పట్టింది. మాడితే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది.

ఇంత జాగ్రత్తపడినా ఒక పొరపాటు జరిగింది. చెవులకు హార్డ్ డిస్కు పళ్లేలు బాగుంటాయని రెండు తీశాం. ఒకటి పెద్ద కంప్యూటరుది, రెండోది ల్యాప్‌టాపుది. చూపులకు రెండూ ఒకేలా అద్దాల్లా మెరుస్తున్నాయి. మొదటిదానికి మెకానిక్ చక్కగా బెజ్జం వేశాడు. రెండోదానికి డ్రిల్లు ఆనించగానే అది ఫట్‌మని పేలి, బల్ల నిండా గాజు పెళ్లలు పరుచుకున్నాయి. ల్యాప్‌టాపు డిస్కుల్లో చాలావాటికి పళ్లెం గాజుది. పైన లోహపు పూత ఉంటుంది, అంతే. కళ్లద్దాలు పెట్టుకుని ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఏ పళ్లేన్నైనా ముందు వేలిగోటితో మీటి, మోత విని, అనుమానం ఉంటే పక్కన పెట్టేస్తున్నాం. బిడియయ్యకు నేటికీ ఒకటే చెవి.

ఇటువంటి బొమ్మలతో చెత్త తగ్గిపోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతం. మా పద్నాలుగు కిలోలు ఆ లెక్కలో ఏ మూలకూ రావు. మేము చేసింది బొమ్మ, బొమ్మగానే దాన్ని చూడాలి.

తల పెట్టిన తిప్పలు

కావలివాడి తల నిటారుగా ఉండి, సలాము కొట్టేటప్పుడు కొద్దిగా వంగి లేవాలి. తలను చిన్న సర్వో ఇరుసుకే నేరుగా బిగించి కరెంటు ఇచ్చాను. ఒకసారి లేచింది, రెండోసారి వణికింది, మూడోసారి కరకరమని శబ్దం చేసి ముందుకు వాలిపోయింది. విప్పి చూస్తే లోపలి నైలాను గేరుకు నాలుగు పళ్లు లేవు.

లెక్క ముందే చూసుకుని ఉంటే ఆ మోటారు బతికేది. కెటిల్, కళ్లుగా పెట్టిన టార్చిలైటు గిన్నెలు, చెవి, అన్నీ కలిపి 460 గ్రాములు తూగాయి. ఆ బరువు కేంద్రం వంగే ఇరుసుకు 5.5 సెంటీమీటర్లు ముందుకు ఉంది. ఒకదానితో ఒకటి గుణిస్తే 2,530 గ్రామ్ సెంటీమీటర్లు, అంటే రమారమి 2.5 కిలో సెంటీమీటర్లు. ఆ రకం సర్వో 4.8 వోల్టుల దగ్గర ఇవ్వగలిగేది 1.8. అదీ పూర్తిగా ఆగిపోయేటప్పటి బలం. రోజంతా మోయగలిగింది అందులో మూడో వంతు కూడా ఉండదు. మాస్టారు పెద్ద మోటారు కొనేద్దామన్నాడు. మెకానిక్ మాత్రం కాసేపు తలను చేత్తో అటూ ఇటూ ఊపి, “దీన్ని బలవంతంగా నిలబెట్టకురా, త్రాసులా తూచి వదిలేద్దాం” అన్నాడు.

అలాగే చేశాం. తల బరువంతా ప్రింటరు కడ్డీ మీద పడేలా ఇరుసు వేశాం; సర్వోకు మోసే పని లేకుండా, చిన్న లింకు ద్వారా నెట్టే పని మాత్రమే మిగిల్చాం. తల వెనుక 8 సెంటీమీటర్ల దూరాన హార్డ్ డిస్కు అయస్కాంతాలు, నట్లు కలిపి 300 గ్రాములు వేలాడదీశాం. వెనుక 2,400, ముందు 2,530. మిగిలిన తేడా 130 గ్రామ్ సెంటీమీటర్లే, అది చిన్న మోటారుకు చీమంత పని. ఆ తేడాను సున్నా చేయకుండా కావాలనే వదిలాం. తలను సరిసమానంగా తూస్తే గేరు పళ్ల మధ్య ఉండే సందులో అది అటూ ఇటూ కొట్టుకుని సన్నగా వణుకుతుంది. కొంచెం ముందుకు తూగితే గేర్లు ఎప్పుడూ ఒకవైపే ఆనుకుని ఉంటాయి, వణుకు ఉండదు.

కాని ఇప్పుడు తల మొత్తం 760 గ్రాములైంది. వేగంగా తిప్పితే ఆగవలసిన చోట ఆగదు, దూకుడుగా పోయి వెనక్కి తన్నుతుంది. అందుకని 30 మిల్లీసెకన్లకు ఒక డిగ్రీ చొప్పున మాత్రమే కదలమని ప్రోగ్రాము రాశాను. 40 డిగ్రీలు వంగడానికి 1.2 సెకన్లు పడుతుంది. కరెంటు తీసేస్తే ముందువైపు తూగే ఆ కాస్త బరువు వల్ల తల నెమ్మదిగా కిందికి వాలి, కెటిల్ కొమ్ము ముక్కులా నేల చూపులు చూస్తుంది. ఆ వాలడం చూసి దర్జీ అన్న మాట మా ప్రణాళికను మార్చేసింది. “కావలివాడేంటి, వీడికి మొహమాటం ఎక్కువ” అంది. మాస్టారు ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. ఆయన గీసిన బొమ్మ గోడ మీద సలాము కొడుతూనే ఉంది.

చేతులు

చేతులను పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టే పని వైపరు మోటారుది. ఈ మోటారులో నాకు నచ్చే గుణాలు రెండు. లోపల వర్ము గేరు (మోటారు చేతిని తిప్పగలదు గాని చేయి మోటారును తిప్పలేని మరచుట్టు గేరు) ఉండడం వల్ల కరెంటు తీసేసినా చేయి ఎక్కడిదక్కడే నిలుస్తుంది. రెండోది, కారులో స్విచ్చు ఆపేసినా వైపరును అద్దం కిందికి చేర్చి ఆపే పార్కింగు కాంటాక్టు లోపలే ఉంటుంది. దాని పుణ్యమా అని చేతులు ఎప్పుడూ కచ్చితంగా కింది స్థానానికే వస్తాయి. పైస్థానంలో ఆపడానికి పాత కంప్యూటరు మౌసులో టిక్కుమనే చిన్న స్విచ్చును పెట్టాం. 12 వోల్టుల మోటారుకు పాత కంప్యూటరు పవర్ సప్లైలోని 5 వోల్టులే ఇచ్చాం. వేగం సగానికన్నా తగ్గి, చేతులు సంకోచిస్తూ లేచినట్టుగా లేచాయి.

మోటారు తిరుగుడును చేతి ఊపుగా మార్చే నాలుగు కమ్ముల అమరిక దగ్గర నేనొక పాఠం మరిచిపోయాను. మోటారుతోపాటు తిరిగే పొట్టి మీట, అంటే క్రాంకు 3, కలిపే కమ్మి 14, చేతికి తగిలించిన మీట 3.5, రెండు ఇరుసుల మధ్య దూరం 15 సెంటీమీటర్లు పెట్టాను. ఇటువంటి అమరికలో అన్నిటికన్నా పొట్టిదీ పొడుగుదీ కలిపిన మొత్తం, తక్కిన రెండిటి మొత్తాన్ని మించకూడదు. మించితే క్రాంకు పూర్తి చుట్టు తిరగదు. దీన్ని గ్రాషాఫ్ సూత్రం అంటారు. నా లెక్కలో ఒకవైపు 18, మరోవైపు 17.5. అర సెంటీమీటరు తేడాకు క్రాంకు మధ్యలో బిగుసుకుపోయింది. వైపరు మోటారు ఊరుకునే రకం కాదు. గొడుగు కమ్మిని విల్లులా వంచేసింది. మీటను 6 సెంటీమీటర్లకు పెంచగానే 18కి ఎదురు 20 అయి, చేతులు సుమారు 60 డిగ్రీల మేర హాయిగా ఊగాయి. వంగిన కమ్మిని సరిచేయబోతే మాస్టారు వద్దన్నాడు. ఎడమ మోచేయి ఆ వంకరతోనే ఉంది. రెండు చేతులూ లేచినప్పుడు ఎడమది ముఖాన్ని పూర్తిగా మూయదు, వేళ్ల సందులోంచి చూస్తున్నట్టుంటుంది.

ఆర్డుయినోకు కరెంటు వేరుగా, పాత ఫోను చార్జరు నుంచి ఇచ్చాను. అంతకుముందు మోటారు లాగినప్పుడల్లా 5 వోల్టులు క్షణం పాటు కుంగి, బోర్డు స్పృహ తప్పి మళ్లీ మొదటినుంచి మొదలయ్యేది. రెండు సప్లైలు వేరైనా నెగిటివ్ తీగలు మాత్రం కలిపి ఉండాలి. లేకపోతే సర్వోకు సంకేతం అర్థం కాదు, ఇష్టం వచ్చినట్టు గింజుకుంటుంది. ఈ ఒక్క తీగ మరిచి సాయంత్రమంతా పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లలో నేనూ ఒకణ్ణి.

తనను చూసి తానే జడుసుకున్న వైనం

పీఐఆర్ సెన్సరును సహజంగానే తల మీద, కళ్ల మధ్య పెట్టాం. మొదటి రాత్రి గదిలో ఎవరూ లేకుండా తలుపు సందులోంచి చూశాం. బిడియయ్య మెల్లగా తలెత్తాడు, వెంటనే జడుసుకుని ముఖం దాచుకున్నాడు, కాసేపటికి మళ్లీ తలెత్తాడు, మళ్లీ జడుసుకున్నాడు. అరగంట సేపు అదే వరస. మెకానిక్ పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం చాలాసేపటికి గాని సంగతి బోధపడలేదు.

ఈ సెన్సరు మనిషిని చూడదు, వెచ్చదనంలో మార్పును చూస్తుంది. లోపల ఒకదానికొకటి ఎదురు గుర్తుతో రెండు పలకలు ఉంటాయి. రెండిటి మీదా వెచ్చదనం ఒకేసారి మారితే ఆ సంకేతాలు కొట్టేసుకుపోతాయి. ముందు ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద మారితేనే అలికిడిగా లెక్క. సెన్సరు కదలకుండా ఉన్నంతకాలం ఇది చక్కగా పనిచేస్తుంది. తలతోపాటు సెన్సరూ తిరిగితే వెలుగుతున్న బల్బు, ఎండకు కాగిన గోడ, అన్నీ దాని ముందు నడిచి వెళ్తున్నట్టే ఉంటుంది. తన తల తిప్పుడే దానికి పరాయి మనిషి రాక.

సెన్సరును ఊడదీసి, కదలని మొండెం మీద గుండీ ఉండవలసిన చోట బిగించాం. అయినా అప్పుడప్పుడు ఊరికే ఉలిక్కిపడేవాడు. వైపరు మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వల గోల అందుకు కారణం. మోటారు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు వేసి, సెన్సరు తీగలను పొట్టివిగా మెలిపెట్టి కట్టాను. మోటార్లు కదులుతున్నంతసేపూ, ఆగాక మరో మూడు సెకన్ల దాకా సెన్సరు మాట వినవద్దని ప్రోగ్రాములో చేర్చాను.

ఈ పనంతా లోపాన్ని సరిదిద్దడమే. కాని సెన్సరుకున్న మరో పరిమితిని మాత్రం సరిదిద్దకుండా వాడుకున్నాం, నా దృష్టిలో ఈ బొమ్మకు వ్యక్తిత్వం వచ్చింది అందులోంచే. మనిషి ఎదురుగా ఉన్నా కదలకుండా నిలబడితే సెన్సరు దృష్టిలో అక్కడ ఎవరూ లేరు. మామూలు దీపాల విషయంలో ఇది చికాకు. గదిలో కూర్చుని చదువుకుంటుంటే లైటు ఆరిపోతుంది. బిడియయ్య విషయంలో ఎనిమిది సెకన్లు కదలకుండా నిలబడిన మనిషికి మాత్రమే అతను ముఖం చూపిస్తాడు. అల్ట్రాసోనిక్ సెన్సరు పెట్టి దూరాన్ని కొలిస్తే మనిషి ఉన్నాడో లేడో ఇంకా బాగా తెలుస్తుందని నేనే మొదట వాదించాను. పెట్టి ఉంటే అతను ఎదుట మనిషి ఉన్నంతసేపూ ముఖం దాచుకునే ఉండేవాడు, చూసేవాళ్లకు చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

రంగు, నూనె

రంగు గురించి మేము పడ్డ వాదన రాస్తే మోటారు లెక్కలకన్నా పొడుగవుతుంది, కాబట్టి తేల్చుకున్నది మాత్రం చెబుతాను. ఏ వస్తువూ తన పూర్వాశ్రమాన్ని దాచుకోకూడదు. కెటిల్ కెటిల్‌గానే కనబడాలి. అందుకని రంగు లేదు. పదునైన అంచులు అరగదీసి, తుప్పును బ్రష్షుతో రుద్ది, పల్చగా వార్నిషు పూశాం. అతుకులన్నీ నట్టూ బోల్టూ, రివెట్లే. అల్యూమినియంకు మామూలు టంకం అంటదు, జిగురు కదిలే చోట నిలవదు.

నూనె గొడవ ఇంకోటి. కెటిల్ మూత కొంచెం వదులు. తల తిరిగినప్పుడల్లా కటకటమని పళ్లు కొరికినట్టు మోగుతుంది, మెడ ఇరుసు కీచుమంటుంది. ఏడో ఆదివారం మేము వచ్చేసరికి మెకానిక్ వృత్తిధర్మం కొద్దీ అన్నిటికీ నూనె పెట్టి, మూత కింద రబ్బరు ముక్క వేసి బిగించాడు. బిడియయ్య నిశ్శబ్దంగా తల తిప్పాడు. బాగా పనిచేసే యంత్రంలా ఉన్నాడు, అంతకుమించి ఏమీ లేడు. దర్జీ లేచి రబ్బరు ముక్క పీకేసింది. ఇరుసుకు మాత్రం నూనె ఉంచేశాం, అరుగుదల విషయంలో మెకానిక్‌దే సరైన మాట.

ప్రదర్శన, మరమ్మతులు

ఒక గ్రంథాలయ వరండాలో ఆరు రోజులు ఉంచాం. ముందు పిల్లలు పోగై గంతులు వేశారు, అతను చేతులు దించనే లేదు. కదలకపోతే చూస్తాడన్న రహస్యాన్ని వాళ్లలో ఒకమ్మాయి కనిపెట్టింది. ఆ తర్వాత పిల్లలంతా ఊపిరి బిగబట్టి వరసగా నిలబడడం మొదలుపెట్టారు. మేము ఎక్కడా సూచన రాసి పెట్టలేదు. పక్కనుంచి అడ్డంగా నడిచేవాళ్లను అతను వెంటనే పసిగట్టేవాడు, సూటిగా ఎదురొచ్చేవాళ్లను చాలా దగ్గరికి వచ్చేదాకా గమనించేవాడు కాదు. రెండు పలకల సెన్సరు తీరే అంత. చూసేవాళ్లు మాత్రం దానికి వేరే అర్థాలు చెప్పుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం తల ఆగిపోయింది. మెడలోంచి వెళ్లే తీగ టంకం పెట్టిన చోట పుటుక్కున తెగింది. పోగుల తీగకు టంకం పెట్టినప్పుడు అది కరిగి పోగుల మధ్యకు పాకి, కొంత మేర తీగను కడ్డీలా చేసేస్తుంది. వంగే చోటు ఆ కడ్డీ అంచున పడితే తీగ త్వరగా తెగుతుంది. నేను మళ్లీ టంకం పెట్టబోతే దర్జీ ఆపి, తీగలను బారెడు వదులుగా చుట్ట పెట్టి, గుడ్డ పట్టీలో పొదిగి, వంగే చోటుకు రెండు వైపులా మొండేనికి కుట్టేసింది. వంపు ఇప్పుడు ఒక బిందువు దగ్గర కాక చుట్ట పొడుగునా పంచుకుపోతోంది. మిగతా రోజుల్లో ఆ తీగ తెగలేదు, ఆమె కుట్టు ఇంతవరకు విప్పవలసిన పని పడలేదు.

ఐదో రోజు మౌసు స్విచ్చు మొరాయించడంతో చేతులు పైన ఆగకుండా తిరుగుతూనే ఉండి, చూసేవాళ్లకు అతను గుండెలు బాదుకుంటున్నట్టు కనబడింది. జనం అదీ నాటకంలో భాగమనుకున్నారు. దాన్ని మార్చడానికి నిమిషం పట్టింది. మార్చాలా వద్దా అని తేల్చుకోవడానికి మాస్టారు గంటన్నర తీసుకున్నాడు.

మళ్లీ చేస్తే రెండు విషయాలు మారుస్తాను. చేతులు ఇన్ని సెకన్లలో పైకి చేరకపోతే మోటారును తనంతట తాను ఆపే గడువు ప్రోగ్రాములో మొదటిరోజే పెడతాను. పిల్లలు వేళ్లు పెట్టే ఎత్తులో వైపరు మోటారు తిరుగుతున్నప్పుడు అది లేకుండా ఉంచడం నా తప్పు. ప్రదర్శన మధ్యలో భుజానికి రేకు కవచం వేశాం గాని, మొదటి రోజే ఉండవలసింది. రెండోది, సెన్సరు కరెంటు ఇచ్చిన మొదటి నిమిషం తడబడుతుంది కాబట్టి, ఆ నిమిషం అతను తల వాల్చి నిద్రపోతున్నట్టు ఉంచుతాను.

బిడియయ్య ఇప్పుడు మెకానిక్ షెడ్డులో, పాత టైర్ల పక్కన ఉన్నాడు. గత నెల వానల్లో ఎవరిదో కారు వైపరు మోటారు కాలిపోతే, వేరేది దొరికేదాకా అని మావాడు భుజంలోంచి ఊడదీసి దానికి బిగించాడు. బోల్టులే కాబట్టి పది నిమిషాల్లో అయిపోయిందట. దర్జీ చేతులు రెండిటినీ తాడుతో వెనక్కి కట్టింది. షెడ్డులోకి ఎవరైనా అడుగుపెడితే మూత కటకటలాడిస్తూ తల ఒక్కటే పక్కకు తిప్పుకుంటున్నాడు.